ఇంట్లో చెప్పకండి

కబడ్డీ కోర్టులో మోకాలు మెలిపడి కూలబడిన కుర్రాడైనా, హర్డిల్ తగిలి బోర్లాపడిన అమ్మాయైనా, ఊపిరి కాస్త అందగానే పక్కవాళ్లతో అనే మాట చాలాసార్లు ఒకటే: "ఇంట్లో చెప్పకండి."

దెబ్బ కంటే ముందు వాళ్లకి ఇల్లు గుర్తొస్తుంది. అబ్బాయి చెవిలో నాన్న గొంతు: "ఆటలు కూడు పెడతాయేట్రా?" అమ్మాయి చెవిలో ఇంకో గొంతు: "కాలికేటైనా అయితే రేపు నిన్నెవరు చేసుకుంటారే?" ఎమ్మారైకి ఎంత అవుతుందో, ఆ డబ్బు కోసం ఇంట్లో ఎవరు ఎవరిని అడగాలో ఇద్దరికీ తెలుసు. కోచ్‌తో చెబితే జట్టులో చోటు పోతుంది. ఇంట్లో చెబితే ఆటే పోతుంది. అందుకని మెడికల్ షాపులో రెండు నొప్పి మాత్రలు, ఒక క్రేప్ బ్యాండేజి కొనుక్కుని మర్నాడు మళ్లీ గ్రౌండుకి వెళ్తారు. వారం రోజుల్లో తగ్గాల్సిన బెణుకు ఏడాది పాటు కూర్చోబెట్టే గాయమయ్యేది ఈ రెండు భయాల మధ్యనే.

కాలేజీలో ఆడే పిల్లలకు దెబ్బ తగిలితే తల్లిదండ్రులు ఏం చేయాలి? ఈ ప్రశ్నకి వైద్యం దగ్గర్నుంచి జవాబు మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. నొప్పి అని చెప్పుకున్నంత మాత్రాన ఆట పోదన్న నమ్మకం ముందు ఇంట్లో దొరకాలి. అది లేని ఇంటికి గాయం కబురు ఎప్పుడూ ఆలస్యంగానే చేరుతుంది.

కొండ ఎక్కాక దిగాలి

ఈ దాచుకోవడం వెనక ఇంటి భయం ఒక్కటే లేదు. పద్మనాభం సంగతే చూడండి. విశాఖ జిల్లాలోదే అయినా విజయనగరానికి దగ్గర. గోస్తనీ నది చేరువలో, అనంత పద్మనాభస్వామి కొండ కింద ఉన్న ఊరు. 1794 జూలై 10న చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో తలపడి ప్రాణం విడిచింది ఇక్కడే. అల్లూరి సీతారామరాజు పుట్టిన పాండ్రంగి కూడా ఈ మండలంలోదే. దెబ్బకు వెరవనివాణ్ణి తరతరాలుగా మెచ్చుకున్న నేల ఇది. ఆ మెప్పు మంచిదే. కానీ పందొమ్మిదేళ్ల ఆటగాడు తన మోకాలి వాపును ప్యాంటు కింద దాచుకోవడానికి అది కూడా ఒక కారణం.

ఉత్తరాంధ్ర పల్లెల్లో తెల్లారకముందే తారురోడ్డు మీద పరుగెత్తే పిల్లలు కనిపిస్తారు. ఒకరికి ఆర్మీ ర్యాలీ, ఒకరికి పోలీసు ఉద్యోగం, ఒకరికి యూనివర్సిటీ జట్టు. నోటిఫికేషన్ పడేదాకా నెమ్మదిగా సాగి, పడిన మర్నాటి నుంచి దూరం రెండింతలు చేసేస్తారు. మోకాలి కింద ముందెముక వెంబడి నొప్పి అప్పుడే మొదలవుతుంది. ఎముకకు తనను తాను బాగుచేసుకునే వ్యవధి ఇవ్వకుండా రోజూ దానిమీద అదే దెబ్బ కొడితే సన్నని పగులు వస్తుంది. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటున్నది దాన్నే. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా.

పద్మనాభస్వామి కొండకి వెయ్యికి పైగా మెట్లు. అలాంటి మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం తెలుస్తుంది. దిగేటప్పుడు మోకాలి సంగతి తెలుస్తుంది. దిగుతున్నప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువునంతా ఆపాలి. మోకాలిచిప్ప వెనక పడే ఒత్తిడి ఒంటి బరువుకి ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే మెట్లు దిగడం ఇంట్లోవాళ్ల చేతిలో ఉన్న ఉచిత పరీక్ష. మొన్నటిదాకా గెంతుతూ దిగినవాడు ఇవాళ ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనిస్తున్నాడా? భోజనానికి కింద కూర్చునేటప్పుడు ఒక కాలు చాపేస్తున్నాడా? పిల్లల నడకలో తేడాని తొలి అడుగు చూసిన తల్లి కంటే ముందు పట్టేవాళ్లు లేరు. పట్టాక అడిగే తీరులోనే ఉంది అంతా. "ఎన్నాళ్లబట్టి నొప్పెడతంది నానా?" అని అడిగితే జవాబొస్తుంది. "నాకు తెల్దనుకున్నావా?" అంటే మాత్రం తలుపు మూసుకుంటుంది.

రెండు ఇళ్లు

బ్యాడ్మింటన్ తార పి.వి.సింధు ఇల్లు అందరికీ తెలిసిందే. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టు సభ్యుడు, అర్జున గ్రహీత. తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. 2015లో ఎడమ పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అయ్యేసరికి సింధుకి దాదాపు ఇరవయ్యేళ్లు. నెలల తరబడి ఆటకి దూరమైంది. ఆ ఏడాది చివర్లో మకావ్ ఓపెన్, మరుసటి ఏడాది రియో రజతం. రియో ముందు రమణ రైల్వే ఉద్యోగానికి నెలల తరబడి సెలవు పెట్టి కూతురి వెంట ఉన్నారు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఎడమకాలి నొప్పితోనే స్వర్ణం గెలిచింది సింధు. అదీ స్ట్రెస్ ఫ్రాక్చరే అని తేలింది. అదే నెలలో ప్రపంచ ఛాంపియన్‌షిప్. 2019లో ఆ టైటిల్ గెలిచిన అమ్మాయి ఈసారి వెళ్లలేదు, 2023 జనవరిదాకా కోర్టులోకి రాలేదు. ఒంటి నొప్పి భాష ఇంట్లో ఇద్దరికీ వచ్చినప్పుడు కూతురికి కలిగే వెసులుబాటు ఇదీ.

ఇప్పుడు విశాఖలోని ఇంకో ఇల్లు. హర్డిల్స్ పరుగెత్తే జ్యోతి యర్రాజి తండ్రి ప్రైవేటు సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లలో పనిచేస్తూ, ఆసుపత్రిలో శుభ్రం చేసే పనికీ వెళ్లేవారు. పోర్టు హైస్కూల్లో చదివిన అమ్మాయి 2016లో హైదరాబాద్‌లో శిక్షణకు వెళ్లింది. 2020 జనవరిలో మూడబిద్రి అఖిల భారత ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో నాగార్జున యూనివర్సిటీ తరఫున 13.03 సెకన్లలో హర్డిల్స్ దాటింది. అప్పటి జాతీయ రికార్డు కంటే మెరుగైన పరుగది. డోప్ పరీక్ష జరగని కారణంగా రికార్డుల్లోకి ఎక్కలేదు. 2023లో చెంగ్డూ ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 12.78తో కాంస్యం, ఆ తర్వాత పారిస్ ఒలింపిక్స్. 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో 12.96తో ఆసియా టైటిల్ నిలబెట్టుకుంది. జూలైలో శిక్షణలో మోకాలి లిగమెంటు దెబ్బతింది. శస్త్రచికిత్స, టోక్యో ప్రపంచ పోటీలకు దూరం.

జ్యోతి ఇంట్లోవాళ్లు ఆటగాళ్లు కారు. కానీ అప్పటికి ఆమె చుట్టూ కోచ్ జేమ్స్ హిలియర్, ఫిజియోలు, శిక్షణ కేంద్రం అనే ఒక పెద్ద ఇల్లు ఉంది. గాజువాక కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి అదే జూలైలో ఇంగ్లండ్ పర్యటనలో మోకాలికి దెబ్బ తగిలినప్పుడు కూడా అంతే, చూసుకోవడానికి భారత క్రికెట్ బోర్డు వ్యవస్థ ఉంది. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న తండ్రి ముత్యాలరెడ్డి ఆ దశను ఏళ్ల కిందే దాటించారు. మరి ఆ స్థాయికి ఇంకా చేరని పిల్ల సంగతి? డిగ్రీ రెండో ఏడాదిలో జిల్లా మీట్లు గెలుస్తూ, యూనివర్సిటీ సెలెక్షన్స్‌కి సిద్ధమవుతున్న పద్మనాభం పిల్ల సంగతి? ఫిజియో, డైటీషియన్, మేనేజర్ చేసే పనులన్నీ ఆ ఇంటి వసారాలోనే, చదువు అంతగా లేని తల్లి చేతుల మీదే జరగాలి. జరగడం సాధ్యమే. అందుకే ఈ రాత.

పసుపు, ఆముదం, వావిలాకు

దెబ్బ కబురు ఇంటికి చేరగానే ముందుగా కదిలేది నాయనమ్మ. ఆముదం, పసుపు, వావిలాకు కాపడం. ఆ చేతుల్లోని ప్రేమను నేను తక్కువ చేయను. కానీ దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులు కాపడం, మర్దనా రెండూ వాపును పెంచేవే. గట్టిగా లాగి సరిచేస్తామనే చేతులకైతే అసలు అప్పగించకూడదు. కాలు ఎత్తులో పెట్టి, మరీ బిగించని కట్టు కట్టి, భారం వేయకుండా ఉంచాలి. ఐసు నొప్పి తగ్గిస్తుంది, గాయాన్ని మాన్పదు. 1978లో విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అనే సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ డాక్టర్ గేబ్ మిర్కిన్, ఐసును గంటల తరబడి పెట్టడం మంచిది కాదని తర్వాతి కాలంలో తానే సవరించుకున్నారు.

ఇంకో ప్రమాదం ఎక్స్‌రే ఇచ్చే ఊరట. "ఎముకలు బాగానే ఉన్నాయన్నారు" అని సంతోషంగా ఇంటికొస్తారు. లిగమెంటు ఎక్స్‌రేలో కనిపించదు. మోకాలు తిరిగినప్పుడు లోపల 'టప్' మని తెగినట్టనిపించడం, గంటల్లోనే మోకాలు ఉబ్బిపోవడం, తర్వాత నడుస్తుంటే ఉన్నట్టుండి కాలు వదిలేసినట్టవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే ఏం చెప్పినా ఎముకల డాక్టరుకి మళ్లీ చూపించాలి, విశాఖ కేజీహెచ్ ఓపీలో వరస ఎంత పొడవున్నా సరే. పుత్తూరు కట్టుకి తెలుగునాట ఎంతో పేరుంది. అయితే లోపల తెగింది ఏమిటో తెలియకుండా కట్టు కట్టించుకుని వారాల తరబడి కాలు కదపకుండా కూర్చుంటే తొడ కండరం సన్నబడుతుంది, తెగిన లిగమెంటు తెగినట్టే ఉంటుంది. తలకి దెబ్బ తగిలితే మాత్రం ఆలోచన అక్కర్లేదు. కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా, స్కోరు గుర్తులేకపోయినా ఆ రోజు మళ్లీ ఆడకూడదు, ఫైనల్ అయినా సరే.

డాక్టరు గదిలో నాన్నకి ఒక కష్టమైన పని ఉంటుంది: మాట్లాడకుండా ఉండటం. పద్దెనిమిదేళ్లు దాటిన బిడ్డ. ఆపరేషన్ కాగితం మీద సంతకం ఆ బిడ్డదే. "ఎక్కడ నొప్పి?" అని డాక్టరు అడిగితే పక్కనుంచి "ఇక్కడండీ, మొన్నాదివారం పడ్డాడండీ" అని తండ్రి అందుకోవడం మన ఓపీల్లో రోజూ చూసే దృశ్యమే. బిడ్డని చెప్పనివ్వాలి. నాన్న అడగాల్సినవి చివర్లో అడగొచ్చు. గాయం పేరేంటి, ఆపరేషన్ లేకుండా అయ్యే దారి ఉందా, ఫిజియోథెరపీ ఎన్నాళ్లు, మళ్లీ ఆడొచ్చని ఏ పరీక్షతో తేలుస్తారు. జవాబులు రాసుకోవాలి. బయటికొచ్చాక ముగ్గురికి మూడు రకాలుగా గుర్తుంటాయి.

అమ్మ అడగాల్సినది

ఆడపిల్లల గాయాల్లో నాన్నలకు, చాలామంది కోచ్‌లకు కనబడని ఒక కారణం ఉంది. నాలుగు గంటలకి లేచి, ఖాళీ కడుపుతో పరుగెత్తి, బస్సు పట్టుకుని, మధ్యాహ్నం చల్లారిన క్యారేజీ సగం తిని, సాయంత్రం మళ్లీ సాధన చేసే అమ్మాయికి ఖర్చయిన శక్తి తిరిగి రాదు. ఒళ్లు పొదుపు మొదలుపెడుతుంది. ముందు ఆపేసేది నెలసరిని. దాంతోపాటే ఎముకలు పలచబడతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి ఒక పేరు పెట్టి, ఆటగాళ్ల ఆరోగ్యానికి పెద్ద ముప్పుగా గుర్తించింది. మూడు నెలలుగా నెలసరి రాకపోతే అది ఆటల వల్ల మామూలే అని ఊరుకోకూడదు. పరుగెత్తే అమ్మాయి పాదంలో వచ్చిన పగులుకి మూలం కంచంలో ఉండొచ్చు.

ఈ సంగతి అమ్మే అడగాలి, సిగ్గుపడకుండా. ఇంకెవరూ అడగరు. చేయగలిగింది కూడా ఖరీదైనదేం కాదు. పరుగుకి ముందు ఒక అరటిపండు, వచ్చాక చోడంబలి, రోజుకి రెండు గుడ్లు, పప్పు, పెరుగు. నూరు గ్రాముల చోళ్లలో, అంటే రాగుల్లో, మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మన పొలాల్లో పండేదే. మంచాన ఉన్నప్పుడు "ఆట లేదుగా, ఎందుకంత తిండి?" అనే మాట అసలు రాకూడదు. మానే ఒంటికి మాంసకృత్తులు ఇంకా ఎక్కువ కావాలి.

మోకాలి ఏసీఎల్ లిగమెంటు విషయంలోనూ అమ్మాయిలకు ముప్పు ఎక్కువ. ఒకే ఆట ఆడే అబ్బాయిలతో పోలిస్తే రెండు రెట్లు, కొన్ని ఆటల్లో అంతకు మించి. గెంతి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా నేర్పే సన్నాహక వ్యాయామాలు గాయాలను బాగా తగ్గిస్తాయని ఫుట్‌బాల్‌లో జరిగిన పరిశోధనలు తేల్చాయి. పది పదిహేను నిమిషాల పని. మీ కాలేజీలో చేయిస్తున్నారా అని ఫిజికల్ డైరెక్టర్ గారిని అడిగే హక్కు అమ్మానాన్నలకుంది.

మందుల చీటీ విషయం ఒక్కమాటలో. యూనివర్సిటీ స్థాయికి వెళ్తున్న పిల్లలకు డోప్ పరీక్ష దూరపు సంగతి కాదు. ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడల్లో జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా శాంపిళ్లు తీసుకుంటుంది. కీళ్లలోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు 2022 నుంచి, ట్రమడాల్ అనే నొప్పి మందు 2024 నుంచి పోటీల సమయంలో నిషిద్ధం. "నాకు తెలియదు, నాన్న తెచ్చిచ్చాడు" అంటే వినరు. కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా "మావాడు పోటీల్లో ఆడతాడండి" అన్నది ముందుగా చెప్పాలి. ప్రతి చీటీ, ప్రతి రిపోర్టు ఒక ఫైల్లో పెట్టాలి.

తొమ్మిది నెలలు

ఏసీఎల్ ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన కాలుని మన ఇళ్లు ఇబ్బంది పెడతాయి. బాసింపట్టు కుదరదు. నేల మరుగుదొడ్డి కుదరదు. మధ్యలో కన్నమున్న కుర్చీ ఒకటి ఆపరేషన్‌కి ముందే తెచ్చిపెట్టుకుంటే ఎదిగిన కొడుకు, కూతురు పడే అవమానం సగం తగ్గుతుంది. ఈ చిన్న విషయం ఎవరూ ముందుగా చెప్పరు.

మొదటి నెల కష్టం అందరికీ కనిపిస్తుంది కాబట్టి సాయం కూడా దొరుకుతుంది. అసలు గండం రెండు మూడు నెలల దగ్గర. కుట్లు మానిపోయాయి, నొప్పి పోయింది, నడక వచ్చేసింది. కానీ లోపల అమర్చిన కొత్త లిగమెంటు బలహీనంగా ఉండే కాలం అదే. దానికి రక్తనాళాలు పట్టి, అది నిజమైన లిగమెంటుగా మారడానికి నెలలు పడుతుంది. ఒంటికేం లేదనిపించినప్పుడే ఆపాల్సి రావడం ఎవరికైనా కష్టం, పంతొమ్మిదేళ్లవాడికి మరీను. నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఆటలోకి తిరిగి రావడాన్ని తొమ్మిదో నెల వరకు ఒక్కో నెల వాయిదా వేసిన కొద్దీ మళ్లీ గాయపడే ముప్పు దాదాపు సగానికి తగ్గుతూ వచ్చింది. ఇంత లాభం ఇంకే మందూ ఇవ్వదు. దీని ఖర్చంతా ఓపికే. నెలలతోపాటు బలం కూడా చూడాలి. దెబ్బ తగిలిన కాలు రెండో కాలి బలంలో కనీసం తొంభై శాతానికి రావాలి, ఒంటికాలి గెంతులు సమంగా రావాలి.

ఆ నెలల్లో పిల్లల్ని తినేసేది ఖాళీ. జట్టు బస్సెక్కి వెళ్లిపోతుంది, ఫొటోలు ఫోనులో వస్తాయి. ఆటగాడు అన్న పేరు తప్ప తనకు వేరే పేరు లేదనుకున్నవాడు ఆ ఫొటోలు చూస్తూ ముసుగుతన్ని పడుకుంటాడు. "కనీసం ఇప్పుడైనా పుస్తకం తియ్యి" అనడం సులువు. దానికంటే సాయంత్రం బండి మీద గ్రౌండుకి తీసుకెళ్లి స్కోరు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టడం మేలు. రోజూ చేయాల్సిన వ్యాయామాలకు పక్కన కూర్చుని లెక్కపెట్టేవాళ్లుంటే మానరు. నిద్ర పోయినా, మాట తగ్గినా, తిండి వదిలేసినా అది కూడా గాయంలో భాగమే, దానికీ డాక్టరున్నారు.

కోచ్ నుంచి ఫోనొస్తుంది. "సెలెక్షన్స్ ఉన్నాయండీ, ఓ పది నిమిషాలు ఆడించి చూద్దాం." ఆయన చెడ్డవాడు కాదు, ఆయనకీ జట్టు, ఒత్తిడి ఉన్నాయి. బిడ్డతో ముందే మాట్లాడుకుని ఉంటే, బిడ్డ నోటితో అనలేని "ఇప్పుడు కాదండి" అన్న మాట నాన్న అనొచ్చు. ఆ చెడ్డపేరు నాన్న మోయొచ్చు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఇరవై ఐదేళ్ల లోపు వయసు ఉండాలి కాబట్టి ఒక సీజన్ పోతే అన్నీ పోయినట్టనిపిస్తుంది. కానీ బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ మోకాలి లిగమెంటు తెగింది 1994లో, పుణె జాతీయ క్రీడల్లో, ఇరవయ్యేళ్ల వయసులో. ఆపరేషన్లు అయ్యాయి. జాతీయ టైటిల్ 1996లో వచ్చింది, ఆల్ ఇంగ్లండ్ 2001లో వచ్చింది.

ఒత్తిడి కోచ్ దగ్గరే ఉంటుందనుకోవడమూ పొరపాటే. క్రీడా కోటా ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్న ఇంట్లో, అప్పు చేసి స్పైక్స్ కొనిచ్చిన ఇంట్లో, ఊరంతా ఫ్లెక్సీ కట్టిన ఇంట్లో బిడ్డ నొప్పి చెప్పడం ఇంకా కష్టం. ఆ ఆశ తప్పు కాదు. గార్డు జీతంతోనో కూలి డబ్బుతోనో బతికే ఇంటికి ఆట ఒక నిచ్చెన. ఆ నిచ్చెన బరువు బిడ్డ మోకాలి మీద ఎంత పడుతోందో మాత్రం పెద్దవాళ్లు అప్పుడప్పుడు చూసుకోవాలి.

తిరిగి ఆడే ముందు ఇంట్లో ఒకసారి కూర్చుని నిజం మాట్లాడుకోవాలి. ఇరవై ఐదేళ్ల లోపు ఉండి ఆటలోకి తిరిగొచ్చినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి అదే మోకాలో రెండోదో మళ్లీ తెగుతుందని అధ్యయనాలను కలిపి చూసిన లెక్కలు చెబుతున్నాయి. ఇది భయపెట్టడానికి చెప్పే అంకె కాదు, తెలిసి దిగడానికి. కొందరు తెలిసే దిగుతారు. కొందరు చాలు అనుకుంటారు. ఆ "చాలు" బిడ్డ నోటినుంచే రావాలి, వచ్చిన రాత్రి "నేను ముందే చెప్పాను" అని ఇంట్లో ఎవరూ అనకూడదు. తర్వాత ఒకరోజు, అడిగితేనే, మిగతా దారుల గురించి మాట్లాడొచ్చు. బీపీఈడీ ఉంది, రిఫరీ పరీక్షలున్నాయి, పటియాలా ఎన్ఐఎస్‌లో కోచ్‌లకు ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది, ఫిజియోథెరపీ చదువు ఉంది. మన పల్లెల్లో పొద్దున్నే పరుగెత్తే పిల్లలకు వీళ్లందరి అవసరమూ ఉంది.